ఖుక్రీ 8 ఏళ్లు వాడాక: బ్లేడు జోలికి పెద్దగా పోవద్దు, పిడీ ఒరా మాత్రం మార్చాలి

మాది ఉద్దానం, పలాసకి దగ్గర్లో, జీడి కొబ్బరి పనస కలిపి నాలుగెకరాల తోట. 2017లో మా బావ ఆర్మీలో సిలిగురి వైపు ఉన్నప్పుడు చూడ్డానికెళ్లి, అక్కణ్ణించి కాకర్‌భిట్టా దగ్గర సరిహద్దు దాటి నేపాల్లోని ధరాన్ దాకా పోయాం, ఎందుకంటే ఖుక్రీ, అంటే నేపాలీల వంకర కత్తి, కొంటే అది చేసేవాళ్ల దగ్గరే కొనాలని నాకు ఎప్పట్నించో ఉంది. టూరిస్టులకి అమ్మే మెరుపు కత్తులు కాకుండా పని కత్తి కావాలని బావ హిందీలో అడిగితే కమ్మరి ఒకటి తీసిచ్చాడు. బ్లేడు 11 అంగుళాలు, మొత్తం పొడవు 16న్నర, వీపు (అంచుకి ఎదురు వైపు) మందం 9న్నర మి.మీ., బరువు 780 గ్రాములు. లారీ కమాన్ పట్టీతో చేసింది. అప్పట్నించి ఇప్పటిదాకా దాదాపు రోజూ వాడుతున్నా, ఇంట్లో షోకి పెట్టుకున్నది కాదు. దీన్ని మళ్లీ కొత్తగా చేయిస్తే ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నదే ఇక్కడ చెప్తున్నా.

అసలు పరీక్ష తిత్లీకి జరిగింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున వచ్చిన ఆ తుఫాను మా వైపు కొబ్బరిచెట్లనీ జీడిచెట్లనీ ఎలా పడేసిందో ఇక్కడోళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, మిషన్ రంపం దొరికినా పెట్రోల్ దొరకదు, తోటలోకి దారే లేదు. దాదాపు నెల రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా కొమ్మలు కొట్టడమే పని, పెద్ద మోళ్లకి గొడ్డలి, మణికట్టు లావు నించి మోచెయ్యి లావు దాకా ఉన్నవన్నీ ఖుక్రీ. మా చిన్నాన్న మొదట్లో ఆ వంకర కత్తేంట్రా అన్నాడు, మూడో రోజు నా చేతిలోంచి తీసుకుని సాయంత్రం దాకా ఇవ్వలేదు.

ఆ వంకరలోనే ఉంది అంతా. మన కత్తి నిటారుగా ఉంటుంది కాబట్టి కొమ్మ మీద దెబ్బ సరిగ్గా పడాలంటే చివర్లో మణికట్టు వంచాలి, వందసార్లు వంచితే రాత్రికి చెయ్యి పట్టేస్తుంది. ఖుక్రీలో ఆ వంపు బ్లేడుకే ఉంది, మణికట్టు నిటారుగా ఉంచి భుజం నించి వేస్తే చాలు, బరువు ముందు పొట్ట (బ్లేడు వెడల్పైన చోటు) దగ్గర ఉంది కాబట్టి అదే లాక్కుపోతుంది, అంచు ఏటవాలుగా తగులుతుంది కాబట్టి నరుకుతూనే జారి కోస్తుంది. అందుకే కత్తి చిన్నదైనా దెబ్బ లోతుకి దిగుతుంది. 1814-16 యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు దీని దెబ్బ చూశారు, తర్వాత గూర్ఖాల్ని తమ సైన్యంలో చేర్చుకున్నప్పుడు కత్తి కూడా వాళ్లతోనే వచ్చింది. ఆ ఆకారం ఇప్పటికీ పెద్దగా మారలేదంటే దానికి కారణం ఉంది, దయచేసి ఎవరూ మోడర్న్ లుక్ కోసం దాన్ని నిటారు చెయ్యొద్దు.

రెండోది ఉక్కుకి నీళ్లు పట్టించే పద్ధతి. బ్లేడంతా ముంచరు, ఎర్రగా కాల్చాక కెటిల్‌తో అంచు మీద మాత్రమే నీళ్లు పోస్తారు. అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండి దెబ్బని ఓర్చుకుంటుంది. మీరు కొనేటప్పుడు ఆకురాయి ఒకటి పట్టుకెళ్లండి, పొట్ట దగ్గర అంచు మీద రుద్దితే జారిపోవాలి, వీపు మీద రుద్దితే పట్టాలి, రెండు చోట్లా పట్టేస్తే అది గోడకి తగిలించుకునే కత్తి. పనస మొద్దులో పాత మేకు ఉందని చూడకుండా ఒకసారి కొట్టాను, అంచులో చిన్న పెచ్చు లేచింది కానీ బ్లేడుకి పగులు రాలేదు, సాన రాయి మీద రెండు గంటలు కూర్చుంటే సరిపోయింది. స్టెయిన్‌లెస్‌లో చేస్తే తుప్పు గోల ఉండదు కదా అని చాలామంది అడుగుతారు. నాకొద్దు. ఈ ఉక్కయితే ఏ ఊరి కమ్మరైనా మళ్లీ కాల్చి సరిచెయ్యగలడు, వాడాక తుడిచి కొబ్బరినూనె రాస్తే మా సముద్రం గాలికి కూడా తట్టుకుంటుంది.

బ్లేడులో నేను మార్చేది ఒక్కటే, మందం. 9న్నర మి.మీ. వీపు కట్టెలు చీల్చడానికి బ్రహ్మాండం, కానీ లాంటానా పొదలు, తీగలు, సన్న కొమ్మలు కొట్టేటప్పుడు ఆ బరువు దండగ, గంటకే భుజం లాగుతుంది. పిడి దగ్గర 7, పొట్ట దగ్గర 6, మొనకొచ్చేసరికి 3 మి.మీ.కి సన్నబడాలి, బరువు 600 గ్రాములు దాటకూడదు. పిడి దగ్గర అంచులో ఒక చిన్న గాటు ఉంటుంది, దాని గురించి ఆవు కాలి గుర్తని, త్రిశూలమని, రక్తం కారిపోవడానికని రకరకాలుగా చెప్తారు. నా అనుభవంలో పీచు ఇరుక్కుంటుంది, కానీ సాన పట్టేటప్పుడు అంచు ఎక్కడ ఆపాలో అక్కడ ఆగుతుంది, అది వాళ్ల గుర్తు కూడా, ఉండనీయండి.

పిడి దగ్గరికొస్తే నాకు నిజంగా బాధ. ఇంత ఆలోచించి చేసిన బ్లేడుకి ఆ పిడా! మధ్యలో ఉంగరంలా ఒక గట్టు ఉంటుంది, పట్టు కోసమంటారు, పదిహేను నిమిషాలు కొడితే సరిగ్గా దాని కింద బొబ్బ. వెనక ఇత్తడి అంచు చేప తోకలా విచ్చుకుని ఉంటుంది, చెయ్యి జారకుండా ఆపుతుంది నిజమే, కానీ దాని మూలలు చిటికెన వేలి పక్కన గుచ్చుకుంటాయి. పైగా పిడి లోపలికి పోయే బ్లేడు తోక సన్నం, చుట్టూ లక్క లాంటి చెట్టు బంక. మొదటి మే నెలలోనే ఎండలో బండి డిక్కీలో పెట్టి మర్చిపోయాను, సాయంత్రానికి పిడి లటలటా ఊగుతోంది. ఆరల్డైట్ పోసి బిగించా, రెండో వర్షాకాలానికి కర్రే చీలింది. చివరికి మా ఊరి కమ్మరితో తుమ్మ కర్ర పిడి వేయించా, గట్టు లేదు, అరచేతి దగ్గర కొంచెం లావు, మూలలన్నీ గుండ్రం. ఆ రోజునించి అదే కత్తి వేరే కత్తిలా ఉంది.

దీనికి మందు ఫుల్ టాంగ్ అనుకుని 2021లో బావ చేత ఇంకోటి తెప్పించా, అక్కడ పనవాల్ అంటారు, తోక పిడి అంత వెడల్పుగా ఉండి రెండు పక్కలా చెక్కలు రివెట్లు. గట్టిగా ఉంది, ఒప్పుకుంటా. కానీ బరువు వెనక్కి వచ్చేసింది, ముందుకి లాగే గుణం తగ్గింది, దెబ్బ అదురంతా అరచేతికి తెలుస్తోంది, ఏడాదికే చెక్కల కింద తుప్పు పట్టి చెక్క పైకి లేచింది. కాబట్టి ఇప్పుడు నా మాట ఏంటంటే తోక లోపలే ఉండాలి, కానీ బ్లేడు దగ్గర వెడల్పుగా మొదలై పిడి చివరిదాకా పోయి అక్కడ నట్టుతో బిగించాలి, బంక వద్దు. సముద్రం పక్కనుండేవాళ్లు ఏడాదికోసారి నట్టు విప్పి, తోక తుడిచి, నూనె రాసి మళ్లీ బిగించుకోవచ్చు, పిడి పోతే ఇంట్లోనే కొత్తది వేసుకోవచ్చు.

ఒర గురించి జాగ్రత్తగా చదవండి, ఇది వేళ్ల సంగతి. పాత ఒర రెండు చెక్క బద్దలు, పైన గేదె తోలు. కత్తి దూసేటప్పుడు ఒర చుట్టూ వేళ్లు పోనిచ్చి పట్టుకున్నా, అంచు బద్దల అతుకులోంచి తోలు కోసుకుని బయటికి వచ్చింది, చూపుడు వేలికి నాలుగు కుట్లు. ఎప్పుడూ ఒరని వీపు వైపు నించే పట్టుకోవాలి, ఇది కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. తోలు కూడా మా తేమకి బూజు పట్టి లోపల కత్తికి తుప్పు అంటిస్తుంది. ఇంకో చిక్కు, బ్లేడు పొట్ట వెడల్పు, మెడ సన్నం, పొట్ట దూరాలంటే ఒర మూతి పెద్దగా ఉండాలి, మూతి పెద్దదైతే లోపలికెళ్లాక కత్తి లొడలొడలాడుతుంది. నేను మూడంగుళాల పీవీసీ పైపు వేడి చేసి అణిచి, వీపు వైపు పైన నాలుగంగుళాలు చీలిక ఉంచి, కింద నీళ్లు కారే బెజ్జం పెట్టా. కత్తి పక్కనించి వీపు ఆనించి దిగుతుంది, రబ్బరు పట్టీ ఆపుతుంది. అయిదేళ్లయింది, బాగుంది. కంపెనీలు చేసే గట్టి ప్లాస్టిక్ ఒరలు కూడా ఇలా వీపు వైపు తెరిచి చెయ్యాలి.

ఒరలో వచ్చే రెండు చిన్నవాటిలో కర్దా అనే చిన్న కత్తి పనికొస్తుంది, చక్మక్ అనే పదును లేని ఉక్కు ముక్క అంచు సరిచెయ్యడానికి పర్లేదు. ఆ లోపలి వంపుకి చదును రాయి అందదు, పైపు ముక్కకి నీటి కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) చుట్టి రుద్దుకోండి. తోటలో పనికి సరే గానీ నడుముకి కట్టుకుని బజారుకి మాత్రం వెళ్లొద్దు, పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవాలి.

ఇప్పుడు అట్ట మీద కొత్త కొలతలతో బొమ్మ గీసి, కమాన్ పట్టీ ముక్క ఒకటి సంపాదించి మా కమ్మరికి ఇచ్చా. పిడి చివర నట్టు ఊడిపోతుందేమో బాబూ అని ఆయన భయం, అంచు మీద ఒక్కదానికే నీళ్లు పోస్తే బ్లేడు వంకర పోతుందేమోనని నా భయం. మొదటిదాన్ని పాడైపోయినా పర్లేదనుకుని చేద్దామన్నాం, జీడి కోతలు అయ్యాక కొలిమి పెడతాడు.