ఎక్సెల్ షీట్ నుంచి మీటింగ్ ఇన్వైట్లు పంపే మాక్రో: నాలుగేళ్లు వాడాక

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో హెచ్ఆర్ పని నాది. ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకు స్లాట్లు వేసి, క్యాండిడేట్లకూ ప్యానెల్‌లో కూర్చునేవాళ్లకూ క్యాలెండర్ ఇన్వైట్లు పంపడం అందులో పెద్ద భాగం. సీజన్‌లో వారానికి వంద దాటిపోతాయి. ఒక్కొక్కరిది ఒక్కో టైము, ఒక్కో ప్యానెల్, ఒక్కో రూము కాబట్టి అందరికీ కలిపి ఒకే ఇన్వైట్ పంపుతానంటే కుదరదు. 2021 చివరిదాకా అన్నీ చేత్తోనే పంపేదాన్ని. ఔట్‌లుక్‌లో కొత్త మీటింగ్ తెరవాలి, షీట్‌లోంచి మెయిల్ ఐడీ కాపీ చేసి పేస్ట్ చేయాలి, తేదీ, టైము, రూము మార్చాలి, పంపాలి, మళ్లీ షీట్‌కి రావాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలే వేసుకున్నా వందకి మూడు గంటల పైమాటే. సాయంత్రం నాలుగు దాటాక కళ్లు లాగేస్తుంటే ఎనభయ్యో పేరుకి డెబ్బై తొమ్మిదో పేరు టైము పెట్టేసిన రోజులూ ఉన్నాయి.

అప్పుడు పక్క సీటు కుర్రాడు నలభై లైన్ల మాక్రో ఒకటి రాసిచ్చాడు. మాక్రో అంటే మనం చేత్తో చేసే పనిని ఎక్సెల్ తనే చేసేలా, వీబీఏ అనే దాని లోపలి భాషలో రాసిన కోడ్. ఆ మాక్రోనే, చాలా మార్పులతో, ఇప్పటికీ వాడుతున్నాను. టైము ఆదా చేస్తుంది, అందులో అనుమానం లేదు. మూడు గంటల పని పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ చేతికొచ్చిన రోజున ఎలా ఉందో అలాగే నమ్మి వాడేస్తే చాలా ప్రమాదం. షీట్‌లో తప్పుంటే ఆ తప్పునే అంతే వేగంగా వందమందికి చేరవేస్తుంది. ఈ నాలుగేళ్లలో దాన్ని నమ్మదగ్గదిగా చేసింది కోడ్ కంటే, దెబ్బ తగిలినప్పుడల్లా షీట్‌లో మేం చేర్చుకుంటూ వచ్చిన కాలమ్‌లే.

పనిచేసే పద్ధతి తేలికే. షీట్‌లో ఒక్కో వరస ఒక్కో ఇన్వైట్. పేరు, మెయిల్ ఐడీ, ప్యానెల్ మెయిల్ ఐడీలు, తేదీ, టైము, ఎన్ని నిమిషాలు, రూము, సబ్జెక్ట్ ఇలా కాలమ్‌లు ఉంటాయి. మాక్రో రెండో వరస నుంచి చివరి వరస దాకా వెళ్తూ, ప్రతి వరసకీ ఔట్‌లుక్‌లో ఒక అపాయింట్‌మెంట్ సృష్టించి, వివరాలు నింపి, పంపుతుంది. ఫైలును డాట్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్‌గా సేవ్ చేయాలి. మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే కోడ్ మొత్తం పోతుంది.

కొత్తగా రాసుకునేవాళ్లు మొదటిరోజే ఆగిపోయే చోటు ఒకటుంది. నేనూ అక్కడే ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఔట్‌లుక్ లైబ్రరీని రిఫరెన్స్‌గా కలపకుండా కోడ్ రాస్తే, అపాయింట్‌మెంట్ కావాలని అడగడానికి వాడే ఓఎల్ అపాయింట్‌మెంట్ ఐటమ్ అనే పేరు ఎక్సెల్‌కి తెలియదు. కోడ్ పైన ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ (తెలియని పేరు కనపడితే ఆగమని చెప్పే లైను) లేకపోతే ఆ పేరును ఖాళీ వేరియబుల్‌గా తీసుకుని సున్నా అనుకుంటుంది. ఔట్‌లుక్ లెక్కలో సున్నా అంటే మామూలు మెయిల్, ఒకటి అంటే అపాయింట్‌మెంట్. అంటే మనం మీటింగ్ అడిగితే అది మెయిల్ తెరుస్తుంది. మెయిల్‌కి స్టార్ట్ టైము ఉండదు కాబట్టి ఆ లైను దగ్గర 438 నంబరు ఎర్రర్ వస్తుంది. పేరు తీసేసి అంకె 1 రాస్తే సరిపోయింది. మీటింగ్ స్టేటస్ కూడా అంతే, దానికీ 1 ఇవ్వాలి. అది ఇవ్వకపోతే తయారయ్యేది మన సొంత క్యాలెండర్ అపాయింట్‌మెంట్ మాత్రమే.

ఇక తేదీల సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. మాక్రో వాడేవాళ్లెవరికైనా ఒక్కటే జాగ్రత్త చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

2022 జూలైలో 11 నుంచి 14 దాకా నాలుగు రోజులు ఇంటర్వ్యూలు పెట్టాం. అన్నీ ఆఫీసుకి వచ్చి హాజరయ్యేవే. క్యాండిడేట్ల లిస్టు మాకు సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) వచ్చింది. అప్పటికే మాక్రోకి ఆ ఫైలును తనే తెరిచి వరసలు తెచ్చుకునేలా ఒక ముక్క కలిపాం. గురువారం సాయంత్రం రన్ చేశాను, అన్నీ వెళ్లిపోయాయి, నిశ్చింతగా ఇంటికి వెళ్లాను. శుక్రవారం మధ్యాహ్నం ఖమ్మం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ఇంటర్వ్యూ నవంబర్ 7 అని వచ్చింది. అప్పటిదాకా ఇక్కడ చిన్న జాబ్ ఏదైనా చూసుకోవచ్చా, లేకపోతే మీరు ఒప్పుకోరా?" అని అడిగింది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, నీది సోమవారమే" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

క్యాలెండర్ తెరిచి చూస్తే 11వ తేదీ వాళ్లందరూ నవంబర్ 7లో, 12వ తేదీ వాళ్లందరూ డిసెంబర్ 7లో ఉన్నారు. 13, 14 తేదీల వాళ్లు మాత్రం సరిగ్గానే ఉన్నారు. సగం తప్పు, సగం ఒప్పు. అదే ఎక్కువ కంగారు పెట్టింది. సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో చూస్తే 11/07/2022 అని ఉంది. డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచినా జూలై అనే వస్తోంది. మాక్రో తెరిచినప్పుడే తేడా.

కారణం రాత్రికి తెలిసింది. మనం చేత్తో సీఎస్‌వీ తెరిస్తే ఎక్సెల్ మన కంప్యూటర్‌లోని ఇండియా సెట్టింగ్ ప్రకారం రోజు ముందు, నెల తర్వాత చదువుతుంది. వీబీఏ తెరిస్తే మాత్రం, ఫైలు తెరిచే లైనులో లోకల్ అనే మాటకి ట్రూ అని ప్రత్యేకంగా చెప్పకపోతే, అమెరికా పద్ధతిలో నెల ముందు చదువుతుంది. 11/07 దానికి నవంబర్ 7. 13/07 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోలేక అక్షరాలుగా వదిలేసింది. తర్వాత మా కోడ్‌లో ఆ అక్షరాలను తేదీగా మార్చే లైను ఇండియా పద్ధతిలో చదివి జూలై 13 అని సరిగ్గా పెట్టింది. సెల్స్‌ని దగ్గరగా చూస్తే ఆనవాలు అక్కడే ఉంది. 11, 12 తేదీలు సెల్‌లో కుడివైపుకి ఉన్నాయి, 13, 14 ఎడమవైపుకి ఉన్నాయి. కుడికి ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకున్నట్టు, ఎడమకి ఉంటే అక్షరాలు అనుకున్నట్టు. ఎక్సెల్‌కి ప్రతి తేదీ ఒక అంకె. 1900 జనవరి 1 నుంచి లెక్క. ఫార్మాట్‌ని జనరల్‌కి మారిస్తే 44753 రావాల్సిన చోట 44872 కనపడింది.

ఆ శుక్రవారం ఇద్దరం కూర్చుని 46 మందికి ఫోన్లు చేశాం. నిజామాబాద్ వైపు పల్లెటూరి అబ్బాయి ఒకరి ఫోన్ ఎంతకీ కలవలేదు. చివరికి అప్లికేషన్‌లో ఉన్న వాళ్ల నాన్నగారి నంబరుకి చేస్తే ఆయన పొలం నుంచి ఇంటికెళ్లి చెప్పారు. అందరూ వచ్చారు. కానీ ఖమ్మం అమ్మాయి అడగకపోయి ఉంటే సోమవారం పొద్దున ప్యానెల్ వాళ్లు ఖాళీ గదిలో కూర్చునేవాళ్లు, ఈ పిల్లలు నవంబర్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయేవాళ్లు. ఇప్పటికీ రన్ బటన్ నొక్కేముందు ఆ ఫోన్ గుర్తొస్తుంది.

అప్పటినుంచి మా షీట్‌లో తేదీ ఒకే కాలమ్‌లో ఉండదు. రోజు, నెల, సంవత్సరం మూడు కాలమ్‌లు, మూడూ అంకెలు. వాటిని డేట్‌సీరియల్ అనే ఫంక్షన్‌తో కోడ్ ఒకే తేదీగా కలుపుతుంది, తికమకకు చోటుండదు. పక్కన ఇంకో కాలమ్‌లో వారం పేరు వస్తుంది. ఇంటర్వ్యూలు సోమవారం నుంచి గురువారం దాకా అయితే, ఆ కాలమ్‌లో శుక్రవారమో ఆదివారమో కనపడితే వెంటనే తెలిసిపోతుంది. ఇన్వైట్ లోపల కూడా "11 జూలై, సోమవారం" అని నెల పేరూ వారం పేరూ అక్షరాల్లో వేస్తున్నాం.

రెండో ముఖ్యమైన కాలమ్ స్టేటస్. ఒకసారి మధ్యాహ్నం స్లాట్లకు మాత్రమే పంపాలని షీట్‌లో ఫిల్టర్ పెట్టి రన్ చేశాను. కనపడే వరసలకే వెళ్తాయనుకున్నాను. వరసలన్నీ ఒక్కొక్కటిగా తిరిగే మామూలు లూప్‌కి ఫిల్టర్‌తో పనిలేదు, దాగిన వరసలు కూడా వరసలే. పొద్దున పంపినవాళ్లందరికీ రెండోసారి వెళ్లాయి. రెండోసారి వెళ్లిన ఇన్వైట్ పాతదాన్ని మార్చదు, క్యాలెండర్‌లో ఇంకో మీటింగ్‌గా చేరుతుంది. కొంతమంది ఒకదాన్ని డిక్లైన్ చేశారు, వాళ్లు రామంటున్నారో డూప్లికేట్ తీసేశారో తెలియక మళ్లీ ఫోన్లు. ఇప్పుడు పంపిన ప్రతి వరసలో టైముతో సహా "పంపింది" అని పడుతుంది. ఆ సెల్ ఖాళీగా ఉంటేనే మాక్రో ఆ వరసను ముట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, ఔట్‌లుక్ హ్యాంగ్ అయినా మళ్లీ రన్ చేస్తే ఆగిన చోటునుంచే సాగుతుంది.

మూడోది ఎంట్రీ ఐడీ కాలమ్. 46 మీటింగులను క్యాలెండర్‌లో ఒక్కొక్కటీ వెతికి క్యాన్సిల్ చేసిన రోజే దీని అవసరం తెలిసింది. ఐటమ్‌ని పంపేముందు ఒకసారి సేవ్ చేస్తే ఔట్‌లుక్ దానికి ఒక పొడవాటి ఐడీ ఇస్తుంది. దాన్ని షీట్‌లో రాసుకుంటే తర్వాత రూము మారినా, టైము మారినా అదే మీటింగ్‌ని తెరిచి అప్‌డేట్ పంపొచ్చు. క్యాన్సిల్ చేయాలంటే మీటింగ్ స్టేటస్‌కి 5 ఇచ్చి పంపితే చాలు. నాకు మొత్తం మాక్రోలో బాగా నచ్చిన భాగం ఇదే. పంపడం ఎలాగో ఒకలాగ చేత్తో అయినా అవుతుంది, ముప్ఫై మందికి ప్యానెల్ రూము ఒక్కసారిగా మారినప్పుడు చేత్తో చేస్తే ఎవరో ఒకరు తప్పకుండా మిగిలిపోతారు.

చిన్నవి కొన్ని ఉన్నాయి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన మెయిల్ ఐడీల చివర కనపడని స్పేస్ ఒకటి వస్తుంది, దాని కోడ్ 160. మామూలు స్పేస్‌లు తీసే ట్రిమ్ దాన్ని తీయదు, రీప్లేస్‌తో విడిగా తీయాలి. జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు రాస్తే ఔట్‌లుక్ పట్టుకోదు, ఐడీ ఆకారం బాగుంటే చాలనుకుంటుంది. ఇన్వైట్ లోపల రంగులు, టేబుళ్లు కావాలంటే కష్టమే, మెయిల్‌కి ఉన్న హెచ్‌టీఎంఎల్ బాడీ అపాయింట్‌మెంట్‌కి లేదు. మైక్రోసాఫ్ట్ 365 మెయిల్‌బాక్సుకి నిమిషానికి 30 మెసేజీల పరిమితి ఉంది కాబట్టి ఒక్కోదాని మధ్య మూడు సెకన్లు ఆగేలా పెట్టాం. మాక్రో ఫైలును మెయిల్‌లో ఇంకొకరికి పంపితే 2022 తర్వాత వచ్చిన మార్పు వల్ల ఎర్ర పట్టీ వచ్చి మాక్రో ఆగిపోతుంది. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి, అదీ పంపినవాళ్లెవరో బాగా తెలిస్తేనే.

నాకున్న పెద్ద అసంతృప్తి టీమ్స్ వీడియో మీటింగ్ లింకు. ఔట్‌లుక్‌లో చేత్తో మీటింగ్ పెడితే టీమ్స్ బటన్ నొక్కగానే లింకు వస్తుంది. వీబీఏలో అలా నొక్కడానికి ఏ ప్రాపర్టీ లేదు. ఆన్‌లైన్ రౌండ్లకు ప్రతి ప్యానెల్‌కి ఒక లింకు ముందే చేసి షీట్‌లో పెట్టుకుని, దాన్నే ఇన్వైట్ లోపల వేస్తున్నాం. దాంతో ఒకరి ఇంటర్వ్యూ అవకముందే తర్వాతి అబ్బాయి వచ్చేస్తాడు. లాబీలో వెయిట్ చేసేలా సెట్టింగ్ పెట్టుకుని నెట్టుకొస్తున్నాం.

మరి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని వాడొచ్చా? ముందు మీ ఆఫీసులో ఏ ఔట్‌లుక్ ఉందో చూసుకోండి. విండోస్‌కి వచ్చిన కొత్త ఔట్‌లుక్‌లో వీబీఏ పనిచేయదు, ఎక్సెల్ దాన్ని బయటినుంచి నడపలేదు కూడా. క్లాసిక్ ఔట్‌లుక్‌కి కనీసం 2029 దాకా సపోర్ట్ ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మీ ఐటీ వాళ్లు క్లాసిక్ ఉంచుతామంటే, వారానికి ఇరవై ముప్ఫై పైన ఇన్వైట్లు పంపేవాళ్లకి ఈ మాక్రో ఇప్పటికీ మంచి సాధనం. అంతకంటే తక్కువైతే చేత్తో పంపుకోవడమే మేలు. మొదటి నెలంతా కోడ్‌లో సెండ్ బదులు డిస్‌ప్లే పెట్టి, తెరుచుకున్న ప్రతి ఇన్వైట్‌నీ కళ్లతో చూసి పంపండి. మేం ఇప్పటికీ మొదటి రెండు వరసల్లో మా సొంత ఐడీలే పెడతాం. అవి వచ్చాక, ఫోన్‌లో తెరిచి తేదీ, వారం చూశాకే మిగతావి కదులుతాయి.

కిందటి నెల నుంచి పవర్ ఆటోమేట్ (ఇలాంటి పనులను ఆటోమేటిక్‌గా నడిపే మైక్రోసాఫ్ట్ సర్వీసు) ఫ్లో ఒకటి పక్కన పెట్టి చూస్తున్నాను. టీమ్స్ లింకు అదే తయారుచేస్తుంది, అందుకే మొదలుపెట్టాను. షీట్ వన్‌డ్రైవ్‌లో ఉండాలి, వరసలు టేబుల్‌గా ఉండాలి, సెట్టింగ్ మార్చకపోతే 256 వరసలు మాత్రమే చదువుతుంది. మొదటి టెస్ట్‌లో తేదీల బదులు 44753లాంటి ఐదంకెల సంఖ్యలు వచ్చాయి. చూడగానే సంగతి తెలిసింది కాబట్టి కంగారు పడలేదు, తేదీ ఫార్మాట్ ఐఎస్ఓకి (సంవత్సరం, నెల, రోజు వరసలో రాసేది) మార్చాను. అసలు బ్యాచ్‌లు మాత్రం ఇంకా మాక్రోతోనే పంపుతున్నాను. ఫ్లోకి కూడా స్టేటస్ కాలమ్, క్యాన్సిల్ దారి కుదిరాకే అటు మారతాను.