కడపలో లోయరింగ్ స్ప్రింగులు వేయిస్తున్నారా? మీ పాత స్ప్రింగులు షాపులో వదలకండి

కడప, ప్రొద్దుటూరు వైపు స్విఫ్ట్‌కో ఐ20కో లోయరింగ్ స్ప్రింగులు, అంటే బండి ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు, వేయించుకోవాలనుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు షాపులో ఒక్క మాట అడగండి. "మా బండికి తీసిన స్ప్రింగులు మాకిచ్చేస్తారా?" అని. "ఎక్స్‌ఛేంజ్ కింద మేమే తీసుకుంటాం, బిల్లులో పదిహేను వందలు తగ్గిస్తాం" అన్నారంటే తాళం చెవి వాళ్ళ చేతికివ్వకుండా వచ్చేయండి. ఆ పదిహేను వందల వెనక ఏముందో నా బండి విప్పాక తెలిసింది.

నాది 2019 స్విఫ్ట్, పెట్రోల్. రోజూ కడప నుంచి ఎర్రగుంట్లకు డ్యూటీకి పోయొస్తాను, మధ్యమధ్యలో ఇంటిల్లిపాదితో రాయచోటి. టైరుకూ ఫెండర్‌కూ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉంటే నాకు కంటికి నచ్చదు. మలుపుల్లో బండి ఒరగడం కూడా కొంచెం తగ్గితే బాగుండనిపించింది. ఇందులో తప్పేం లేదని ఇప్పటికీ అంటాను. మంచి స్ప్రింగులు, వాటికి సరిపోయే షాక్ అబ్జార్బర్లు వేసిన బండి నడిపితే ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. సీట్ కవర్లు, స్టీరియోలు, అల్లాయ్ వీల్స్ అమ్మే యాక్సెసరీస్ షాపు. "ఇంపోర్టెడ్ అన్నా, 40 ఎం.ఎం. డ్రాప్, బండి రోడ్డుకు అతుక్కుపోతుంది" అన్నాడు కౌంటర్ మీద కుర్రాడు. ఫిట్టింగ్‌తో కలిపి 9,500. స్ప్రింగులు ఎర్రగా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. డబ్బా ఏదంటే ట్రాన్స్‌పోర్ట్‌లో నలిగిపోయిందన్నాడు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద 'స్ప్రింగ్ సెట్' అని రాసి, మొత్తం వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

చూడ్డానికి మాత్రం బండి బ్రహ్మాండంగా తయారైంది. నాలుగు రోజులు అందరూ అడిగారు కూడా, ఎక్కడ వేయించావని. తర్వాత మొదలైంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోంచి తీసేటప్పుడు ముందు ఎడమ పక్క 'టంగ్' మని మోత. ఎర్రగుంట్ల రోడ్డు సంగతి తెలిసిందే, సిమెంటు లారీలు తొక్కి తొక్కి టైర్లు పోయే దారంతా గాడి పడి ఉంటుంది. ఆ గాడి దాటినప్పుడల్లా బండి ఎగిరేది, ఎగిరి ఊరుకోకుండా ఇంకో రెండుసార్లు ఊగేది. వెనక సీట్లో కూర్చున్న మా నాన్న దిగి నడుం పట్టుకుని, "దీనికన్నా ఎద్దులబండి నయం కదరా" అన్నాడు.

షాపుకు పోతే, "సెట్ కావాలన్నా, కొత్త స్ప్రింగులు కదా" అని పంపించేశారు. ఈ మాట మీకూ చెప్తారు, నమ్మకండి. కొత్త స్ప్రింగు బరువు పడ్డాక కొన్ని మిల్లీమీటర్లు దిగే మాట నిజమే. కానీ దిగేది ఎత్తు. మోతకూ దానికీ సంబంధం లేదు.

రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని ఐదుగురం ఘాట్ దిగుతున్నాం. మలుపులో రోడ్డు అతుకు మీదికి ఎక్కగానే వెనక 'దబ్' మని తగిలి, బండి తోక పక్కకు జరిగినట్టయింది. బ్రేక్ మీద కాలు, ఎదురుగా లారీ. ఇంకేం కాలేదు కానీ ఇంటికొచ్చేదాకా బండిలో ఎవ్వరూ మాట్లాడలేదు.

ఆ వారమే తెలిసిన పాత మెకానిక్ దగ్గర విప్పించాను. చాలా ఏళ్ళుగా సస్పెన్షన్ పనే చేస్తున్న మనిషి. ముందు ఎడమ స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండే కడ్డీ) విప్పి స్ప్రింగు బయటికి తీసి, రూపాయి బిళ్ళతో గీకాడు. ఎర్ర రంగు పెచ్చులుగా లేచింది. దాని కింద నలుపు. ఇంకొంచెం గీకితే ఒక చుట్టు మీద పసుపు చుక్క, పక్కనే తెల్ల చుక్క. ఏ మోడల్‌కు ఏ స్ప్రింగు పోవాలో గుర్తుపట్టడానికి ఫ్యాక్టరీలో పెట్టే రంగు గుర్తులవి. తర్వాత కింది చివర తిప్పి చూపించాడు. గ్రైండర్ బ్లేడు చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, అంచున వేడికి కమిలిన నీలి మరక.

"ఇది కొత్తది కాదు నాయనా, ఎవరి బండికో పీకి, కోసి, రంగేసినారు" అన్నాడు. "మరి నీ బండివి ఏవి?"

షాపువాళ్ళు ఉంచుకున్నారన్నాను.

"అయితే ఈపాటికి ఇంకొకరి బండికి ఎక్కుంటాయి."

ఎక్స్‌ఛేంజ్ ఎందుకో అప్పుడు అర్థమైంది. నా ఒరిజినల్ స్ప్రింగులు వాళ్ళకు ముడిసరుకు. ఒక చుట్టు కోసి, స్ప్రే కొట్టి, తర్వాత వచ్చినవాడికి ఇంపోర్టెడ్ అని అమ్ముతారు, వాడి స్ప్రింగులు మళ్ళీ వీళ్ళే ఉంచుకుంటారు. పెట్టుబడి ఒక బ్లేడు, ఒక స్ప్రే డబ్బా. పాత స్ప్రింగులు చేతిలో ఉండవు కాబట్టి మనం వెంటనే వెనక్కి మార్పించుకోలేం కూడా.

కోసిన స్ప్రింగుతో ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే "కోస్తే ఏమైంది, ఎత్తు తగ్గింది కదా" అనేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. స్ట్రట్ మీద స్ప్రింగు కూర్చునే గిన్నెలో ఒక మెట్టు ఉంటుంది. స్ప్రింగు చివర సరిగ్గా ఆ మెట్టుకు ఆనాలి. కోసిన చివర అక్కడ ఆనదు, స్టీరింగ్ తిప్పినప్పుడు మెలిపడి, ఒక్కసారిగా జారి దూకుతుంది. నేను విన్న 'టంగ్' అదే. వెనక ఇంకా ప్రమాదం. స్విఫ్ట్ వెనక స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బర్ వేరుగా ఉంటాయి. చక్రం కిందికి వేలాడినప్పుడు కూడా స్ప్రింగు పైనా కిందా బిగుతుగా పట్టుకుని ఉండాలి. పొట్టిగా కోస్తే ఆ బిగుతు పోతుంది, పెద్ద గుంతలో చక్రం దిగిపోతే స్ప్రింగు సీటులోంచి పక్కకు జరగొచ్చు. మా బండిని జాకీ మీద లేపినప్పుడు వెనక కుడి స్ప్రింగు చేత్తో ఊపితే గలగలా కదిలింది. దాంతోనే ఘాట్ దిగి వచ్చాం.

గట్టిదనం లెక్క కూడా ఉంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే గట్టిదనం సుమారు 20 శాతం పెరుగుతుంది, చుట్లు తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ. కానీ 40 మిల్లీమీటర్లు దిగిన బండికి చక్రం పైకి కదిలే చోటు ఆ 20 శాతం కన్నా ఎక్కువగా తగ్గిపోతుంది. అందుకే ప్రతి గుంతకూ బంప్ స్టాపర్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద పడి కొట్టుకుంటుంది. మా బండి వెనక బంప్ స్టాపర్లు పొడి పొడి అయిపోయాయి, ఒక షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతోంది. కంపెనీ షాక్ అబ్జార్బర్ కంపెనీ స్ప్రింగుకు లెక్క చూసి చేసింది. స్ప్రింగు గట్టిపడితే అది తన్నే తన్నును ఆపలేదు, అందుకే ఆ ఊగుడు. బండి దిగితే ముందు చక్రాలు పైభాగంలో లోపలికి ఒరుగుతాయి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. అలైన్‌మెంట్ చేయకుండానే షాపు బండి చేతికిచ్చేసింది కాబట్టి టైర్ల లోపలి అంచు నున్నగా అరిగింది, బయటినుంచి చూస్తే బంగారంలా ఉన్నాయి.

అసలైనవి ఇలా ఉండవు. జర్మనీ కంపెనీల సెట్లు తీసుకుంటే స్ప్రింగు మీదే పార్ట్ నంబర్ ముద్రించి ఉంటుంది, ఏ మోడల్‌కు, ఎంత యాక్సిల్ బరువు దాకా వాడొచ్చో రాసిన పత్రం డబ్బాలో వస్తుంది. ముందువి, వెనకవి వేరువేరు నంబర్లతో ఉంటాయి. ధర నేనిచ్చిన దానికి ఎన్నో రెట్లు. పార్ట్ నంబర్ లేని ఎర్ర స్ప్రింగుకు రంగు తప్ప ఇంకేం లేదు.

అసలైనవి కొన్నా సరే, రోజూ తిరిగే బండికి 40 మిల్లీమీటర్లు మన దగ్గర ఎక్కువని నా అభిప్రాయం. స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ బండికి. 40 పోతే 123. ఐదుగురు ఎక్కి డిక్కీలో ఒక బియ్యం మూట పడితే ఇంకా దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. స్విఫ్ట్ రెండు యాక్సిళ్ళ మధ్య దూరం 2.45 మీటర్లు కాబట్టి అలాంటి బ్రేకర్ మీద నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి, నిదానంగా దిగిపోతాయి. ఊళ్ళలో యాక్సిడెంట్ అయిన మర్నాడు జనం వేసుకున్న బ్రేకర్లు ఆ కొలతల్లో ఎక్కడున్నాయి? ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. ముందు చక్రాలు దిగి వెనకవి ఇంకా ఎక్కకముందే బండి కడుపు దాని మీద వాలుతుంది. నా బండి ఛాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే గిన్నె) కింద గీతలన్నీ అలా వచ్చినవే. మరీ సరదా ఉంటే 20, 25 మిల్లీమీటర్ల డ్రాప్‌తో ఆపండి, షాక్ అబ్జార్బర్లతో కలిపి సెట్‌గా కొనండి.

చట్టం సంగతి షాపువాళ్ళు తేలిగ్గా కొట్టిపారేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి ఆర్‌సీ వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో చేరిన 182ఎ సెక్షన్ కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. స్ప్రింగులు దీని కిందికి రావని షాపువాడు అంటే, ఆ ముక్క బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పు ఉంటే క్లెయిమ్ రోజున సర్వేయర్ పెట్టే కొర్రీలు వేరే.

కోసిన స్ప్రింగు పట్టుకుని షాపుకు పోయాను. కుర్రాడు లోపలికి పోయి ఓనర్‌ను పిలిచాడు. ఓనర్ చూసి, ఇది మేమిచ్చింది కాదు, మెకానిక్ మార్చి ఉంటాడన్నాడు. విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించాను, అది చూపిస్తే మాట మార్చి, సగం డబ్బు ఇస్తా అన్నాడు. నా స్ప్రింగులు నాకివ్వమంటే మాత్రం నోరు లేవలేదు. చివరికి కంపెనీ స్ప్రింగులు, బంప్ స్టాపర్లు, వెనక షాక్ అబ్జార్బర్లు కొత్తవి కొని వేయించాను. ఆ ఖర్చు ముందర 9,500 చిన్నదే.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కేసులకు ఫీజు ఉండదు, రెండేళ్ళ లోపు వేయాలి, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. తెల్ల చీటీ అయినా పారేయకండి. ఫోన్‌లో కట్టిన డబ్బు వివరాలు, 'ఇంపోర్టెడ్' అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. నాకు ఎక్కువగా పనికొచ్చినవి ఆ మెసేజ్, విప్పేటప్పటి వీడియో.

ఇప్పటికే ఇలాంటి షాపులో వేయించుకున్నవాళ్ళుంటే, టైర్ షాపులో ఐదు నిమిషాల పని. వెనక చక్రాలు నేలను వదిలేదాకా జాకీ మీద లేపించి, కింద స్టాండ్లు పెట్టించి, స్ప్రింగును చేత్తో పట్టుకుని ఊపండి. కొంచెం కదిలినా ఆ బండిని ఘాట్ రోడ్డు ఎక్కించకండి. కదలకపోయినా ఒకచోట రంగు గీకి చూడండి.