ఎర్ర బిళ్ళ టైమర్, తెల్లబోర్డు, అత్తయ్య: ఏడీహెచ్‌డీతో ఇంట్లో పని

గుంటూరు బ్రాడీపేటలో మేముండే ఇంట్లో ఒక గది నా ఆఫీసు. చిన్న వ్యాపారులకి జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని, వాళ్లలో సగం మందికి మిర్చి యార్డుతో లావాదేవీలు. నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒకచోట నిలవని, కుదురు లేని సమస్య) ఉందని ముప్పై దాటాక తేలింది. ఇంట్లో కుదురుగా పని చేసుకోవాలని అప్పటినుంచి కొన్నవీ, డౌన్‌లోడ్ చేసినవీ, గోడకి తగిలించినవీ చాలానే ఉన్నాయి. చాలావరకు నెల రోజులు మురిపించి మూలన పడ్డాయి. ఇప్పటికీ రోజూ చేతికొచ్చేవాటి గురించే ఈ సమీక్ష.

ముందు టైమర్. అరచేతికంటే కాస్త పెద్ద డబ్బా, ముఖం మీద 60 నిమిషాల గుర్తులు. మధ్యలో బొత్తాం తిప్పితే ఎర్ర బిళ్ళ బయటికొస్తుంది, నిమిషాలు గడిచే కొద్దీ ఆ ఎరుపు తరిగిపోతూ చివరికి మాయమవుతుంది. అమెరికాలో జాన్ రోజర్స్ అనే ఆవిడ 1994లో తన కూతురి కోసం తయారుచేసిన టైమ్ టైమర్ దీనికి మూలం. ఇంకా ఎంతసేపు అని అడిగే చిన్నపిల్లకి అంకెలతో పని లేకుండా కంటికి కనపడే జవాబు అది. అసలు సరుకు మన దగ్గర ఖరీదెక్కువ. నేను వాడేది అదే పద్ధతిలో వచ్చే చవక రకం, వందల్లో దొరికింది.

పిల్లల వస్తువు పెద్దదాన్నైన నాకెందుకంటే, మాలాంటివాళ్లకి కాలం రెండే ముక్కలు: ఇప్పుడు, ఇప్పుడు కానిది. గోడ గడియారంలో 3:20 అని కనిపిస్తే నాకు అది 3:20, అంతే. 4 గంటలకి క్లయింటు వస్తాడంటే మధ్యలో ఉన్నది ఎంత, అందులో ఏం పడుతుంది అన్నది బుర్రకి అందదు. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా రాస్తున్న రస్సెల్ బార్క్లీ దీన్ని కాలానికి గుడ్డితనం అంటారు. ఆయన మందు కూడా అదే దారిలో ఉంటుంది: తలలో నిలవనిదాన్ని కళ్లెదుట పెట్టుకో.

ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బి, అంటే సరఫరాదారులు చూపించిన బిల్లుల పట్టిక, వస్తుంది. క్లయింటు ఇచ్చిన కొనుగోలు బిల్లులతో దాన్ని సరిచూసి, 20లోపు 3బి (పన్ను లెక్క చూపే నెలవారీ రిటర్ను) వేయాలి. బిల్లులో ఇన్వాయిస్ నంబరు 0457, 2బిలో 457. ఒకటేనా, వేర్వేరా? సరఫరాదారు పేరు వెతుకుతాను. వాళ్లది నరసరావుపేట అని కనిపిస్తుంది. నరసరావుపేట అనగానే కోటప్పకొండ, కోటప్పకొండ అనగానే తిరునాళ్ల, ఈసారి ప్రభలు ఎంత ఎత్తు కట్టారో చూద్దామని వీడియో. ఇదివరకు అక్కణ్ణుంచి నన్ను వెనక్కి తెచ్చేది ఆకలో, కాలింగ్ బెల్లో. ఇప్పుడు కంటి చివర ఎరుపు కనిపిస్తుంది. ఇందాక ముప్పావు ఉన్నది పావుకొచ్చింది. ఆ తరగడమే నన్ను 457 దగ్గరికి లాక్కొస్తుంది. ప్రతిసారీ కాదు, పదిలో ఆరేడుసార్లు. నాకది ఎక్కువే.

లోపాలూ ఉన్నాయి. చవక రకాల్లో ఐదు నిమిషాలకి పెట్టడం కష్టం, ఒకసారి మూడుకి, ఒకసారి ఏడుకి ఆగుతుంది. నేను మొదట కొన్నది టిక్ టిక్ మనేది. నిశ్శబ్దంగా తిరుగుతుందని పెట్టె మీద రాసిన రకమే అది! బ్యాటరీ నీరసిస్తే బిళ్ళ మధ్యలో ఆగిపోతుంది, మనం మాత్రం ఇంకా బోలెడు టైముందని హాయిగా ఉంటాం. అలారం మరీ చిన్నది, పక్కగదిలో మిక్సీ తిరుగుతుంటే వినపడదు.

అదే పని ఫోన్లో యాప్ చెయ్యదా అని మావారు అడిగారు. చేస్తుంది. కానీ టైమర్ చూడ్డానికి ఫోను తీస్తే వాట్సాప్‌లో పదిహేడు మెసేజీలు కనిపిస్తాయి. వాడినన్ని యాప్‌లలోనూ నా తీర్పు ఒకటే: మరిచిపోయేవాళ్లకి గుర్తుచేసే వస్తువు, తెరిస్తేనే కనపడేదైతే దండగ.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి కూడా నమ్మకంగా చేసి చూశాను. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది. చాలామందికి పనిచేస్తుంది. నాకు కుర్చీలో కుదురుకోవడానికే పదిహేను నిమిషాలు కావాలి. తీరా లెక్క చిక్కబడే వేళకి గంట కొడుతుంది. ఇక ఆ ఐదు నిమిషాల విరామంలో మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లినదాన్ని ఫ్రిజ్ కడుగుతూ తేలతాను. ఇప్పుడు సరిచూసే పనికి 40, క్లయింట్లకి ఫోన్లు చేయడానికి 10 పెట్టుకుంటున్నాను. ఫోన్లు చేయడమంటే నాకు చెడ్డ బద్ధకం, 10 అంటే మాత్రం ఒప్పుకుంటాను.

తెల్లబోర్డు గురించి ఎక్కువ చెప్పేది లేదు. మూడు పనులకి మించి రాయను. రెండు వారాలయ్యేసరికి అది గోడలో కలిసిపోతుంది, చూస్తాను గానీ కనపడదు. అప్పుడు గోడ మారుస్తాను, లేదంటే మార్కర్ రంగు మారుస్తాను. మళ్లీ రెండు వారాలు నడుస్తుంది.

వీటన్నిటికంటే బాగా పనిచేసేది నేను కొనలేదు. మా అత్తయ్య.

ఎండాకాలం గుంటూరు సంగతి తెలిసిందే. మా ఇంట్లో ఏసీ ఉన్నది నా గదిలోనే. మధ్యాహ్నం అయ్యేసరికి అత్తయ్య చాప తెచ్చుకుని అక్కడే కూర్చుంటారు. ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజులు కదా, ఎండిన మిరపకాయల కుప్ప ముందేసుకుని తొడిమలు తీస్తుంటారు. ఒక కాయ అందుకోవడం, బొటనవేలితో తొడిమ టక్కున విరవడం, కాయ చేటలోకి, తొడిమ కాగితం మీదికి. మాటల్లేవు. అప్పుడప్పుడు ఘాటుకి ఇద్దరం తుమ్ముతాం. మొదట్లో విసుగనిపించింది, ఏకాంతం లేదే అని. చూస్తే ఆ మధ్యాహ్నాల్లోనే నా పని గబగబా తెమిలిపోతోంది.

దీన్ని బాడీ డబ్లింగ్ అంటారని తర్వాత తెలిసింది. మనకి సాయం చెయ్యనక్కర్లేదు, అజమాయిషీ అసలే వద్దు, తన పని తాను చేసుకుంటూ ఒక మనిషి ఆ గదిలో ఉంటే చాలు. దీనికోసమే ఫోకస్‌మేట్ లాంటి వేదికలున్నాయి, ముక్కూమొహం తెలియనివాళ్లతో 25, 50 లేదా 75 నిమిషాలు వీడియోలో కూర్చోవచ్చు. నాకు ఇంగ్లీషులో పలకరింపులతోనే ఓపిక అయిపోయేది. దానికి బదులు విజయవాడ పటమటలో ఉండే నా స్నేహితురాలితో వీడియో కాల్ పెట్టుకుంటున్నాను. తను బ్యాంకు పరీక్షలకి చదువుకుంటుంది. మొదటి నిమిషంలో ఏం చేయబోతున్నామో చెప్పుకుని మైకులు ఆపేస్తాం. అత్తయ్య ఊరెళ్లినప్పుడు ఇదే ఆధారం.

అత్తయ్యకి నా జబ్బు పేరు నోరు తిరగదు, నమ్మకమూ తక్కువే. “చిన్నప్పుడు అందరం అంతేనమ్మా” అంటారు. అయినా టైమర్‌ని మాత్రం నాకంటే శ్రద్ధగా చూస్తారు. “అమ్మాయ్, ఎరుపు అయిపోవస్తోంది, ఆ మిల్లాయనకి పంపావా?” అని అడిగితే ఏ అలారమూ సాటి రాదు.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. నాకు నేను పెట్టుకున్న గడువుని నా బుర్ర పూచికపుల్ల కింద తీసేస్తుంది. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కి 11వ తేదీ గడువంటే భయపడుతుంది, 3బి ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల ఫీజు అంటే భయపడుతుంది, కానీ 8వ తేదీకి పూర్తి చేసుకుందాం అని నేనే బోర్డు మీద రాస్తే నవ్వుతుంది. అందుకని 8 సాయంత్రానికల్లా డ్రాఫ్ట్ పంపుతానని క్లయింటుకే ముందుగా చెప్పేస్తాను. అవతల ఒకరు ఎదురుచూస్తుంటే అది నిజమైన గడువైపోతుంది.

మందుల గురించి అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు. నాకు డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ రాశారు. అది షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి ప్రత్యేక లైసెన్సున్న షాపులోనే అమ్మాలి, ప్రిస్క్రిప్షన్ కాపీ ఒకటి వాళ్లు ఉంచుకుంటారు. వీధి చివర షాపులో దొరకదు కాబట్టి అయిపోయే రోజున కాక వారం ముందే వెళ్లాలి. మతిమరుపు మనిషికి ఇంతకంటే పరీక్ష లేదు. నాకిచ్చిన చిన్న మోతాదు బిళ్ళ పనిచేసేది మూడు నాలుగు గంటలు, అందుకే కష్టమైన లెక్కలన్నీ పొద్దున్నే పెట్టుకుంటాను. అది వేసుకున్న పొద్దున కూడా ముందు ఏ ఫైలు తెరవాలో బోర్డు మీద లేకపోతే, మహా ఏకాగ్రతతో డెస్క్‌టాప్ ఐకాన్లు సర్దుతాను.

ఆన్‌లైన్‌లో దొరికే ఆరు ప్రశ్నల పరీక్ష రాసి ఇవన్నీ కొనకండి. అది వడపోతకే పనికొస్తుంది. పెద్దవాళ్లలో నిర్ధారించాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే ఉండేవా అని కూడా చూస్తారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక సమస్యలు నిర్ధారించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసిన పుస్తకం) అలా పెట్టింది, అంతకుముందు ఏడేళ్లు అనేవాళ్లు. మా అమ్మ దాచిన నా ప్రోగ్రెస్ కార్డులు సైకియాట్రిస్టుకి బాగా పనికొచ్చాయి. అన్నిటిలోనూ “తెలివైనది, ధ్యాస తక్కువ” అనే రాసి ఉంది.

మార్కులంటే, టైమర్‌కి ఐదుకి నాలుగు. బోర్డుకి మూడు. యాప్‌లకి ఒకటి, అది కూడా రంగులు బాగున్నందుకు. ఇంటి పనుల్లో మాత్రం వీటిలో ఏదీ నాకు అక్కరకు రాలేదు. ఉతికిన బట్టలు ఇప్పటికీ మంచం మీదే ఉంటాయి, వాటి ముందు టైమర్ పెడితే టైమర్ కూడా బట్టల కింద పోయింది. కొనేవాళ్లు బిళ్ళకి అద్దంలాంటి మూత ఉన్న రకం తీసుకోండి. మూత లేనిదాన్ని ఇంట్లో పిల్లలు వేలితో తిప్పేస్తారు, మా వాడు హోంవర్కు వేళ అదే చేశాడు.