స్టెప్ 1 ‘రీకాల్స్’ ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమెరికాలో వైద్యం చేయడానికి లైసెన్సు కోసం రాసే యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ పరీక్షలో మొదటి అంచె స్టెప్ 1. అది రాసేవాళ్ల గ్రూపుల్లో ఒకే సరుకు రకరకాల పేర్లతో అమ్ముడుపోతోంది. ‘లేటెస్ట్ రీకాల్స్’, ‘ఈ నెల రిపీట్స్’, ‘ఎగ్జామ్ ఫైల్’. పేరేదైనా లోపల ఉండేది మూడే మూడు: పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తున్నంతలో దించిన ప్రశ్నలు, ఎన్‌బీఎంఈ (ఈ పరీక్షను నడిపే సంస్థల్లో ఒకటి) సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారాల, అంటే మాదిరి పరీక్షల స్క్రీన్‌షాట్లు, ఎవరు తయారుచేశారో తెలియని ఒక జవాబుల పట్టిక. దానికి తోడు ‘ఇందులోంచే సగానికి పైగా పడతాయి’ అనే హామీ. ఆ హామీ ఇచ్చే స్థితిలో ఎవరూ లేరు. పరీక్షలో ప్రశ్నలు ఎలా మారతాయో తెలిస్తే ఆ సంగతి మీకే అర్థమవుతుంది.

స్టెప్ 1కి అందరికీ ఒకే పేపరు ఉండదు. పెద్ద ప్రశ్నల నిధి నుంచి కూర్చిన వేర్వేరు ఫారాలు ఉంటాయి. మీకు వచ్చేది గరిష్ఠంగా 280 ప్రశ్నలు. పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు వేరే సెట్ రావచ్చు. పైగా ఆ ప్రశ్నల్లో కొన్నింటికి మార్కులే ఉండవు. అవి కొత్తగా రాసి పరీక్షిస్తున్న ప్రశ్నలు. ఏవి మార్కులవో, ఏవి ప్రయోగానికి పెట్టినవో రాసేవాళ్లకు తెలిసే దారి లేదు. బయటికొచ్చాక బాగా గుర్తుండేది వింతగా, కొత్తగా అనిపించిన ప్రశ్నే కదా. అంటే రీకాల్ ఫైల్లోకి ఎక్కినదానిలో కొంత అసలు ఎవరి స్కోరులోనూ లెక్కకు రానిదే కావచ్చు. ఇక ఈ నిధిని ఏటా మారుస్తారు. మామూలుగా పరీక్ష రాసిన రెండు నుంచి నాలుగు వారాల్లో, ఓ బుధవారం నాడు ఫలితం వస్తుంది. నిధి మార్చిన సీజన్లో మాత్రం ఫలితాలు ఆలస్యమవుతాయని యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ వెబ్‌సైట్లో ముందే ప్రకటన పెడతారు. ఆ ప్రకటన కనిపించిందంటే చేతిలో ఉన్న పాత ఫైలుకు కాలం చెల్లినట్టే. అమ్మేవాళ్లు మాత్రం పైన నెల పేరు మార్చి మళ్లీ అదే ఫైలు అమ్ముతారు.

‘ఈ నెల ఫారాలు ఈజీ, వెంటనే డేట్ తీసుకోండి’ అనే ప్రచారం కూడా ఉత్తదే. ఫారాల మధ్య కష్టంలో ఉండే తేడాను స్కోరు లెక్కగట్టేటప్పుడు సరిచేస్తారు. సులువైన ఫారం వస్తే పాసవడానికి ఎక్కువ ప్రశ్నలు సరిగ్గా చేయాలి, కష్టమైనదొస్తే తక్కువ చేసినా సరిపోతుంది. కాబట్టి నెల చూసి డేట్ తీసుకుని లాభం లేదు.

ఇక ప్రశ్న మారడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. రీకాల్ ఫైల్లో ఇలా ఉంటుంది: ‘ఆడుతూ స్పృహ తప్పిన కుర్రాడు, సిస్టాలిక్ మర్మర్ (గుండె దగ్గర వినిపించే అదనపు శబ్దం). జవాబు: హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ.’ అసలు ప్రశ్నలో నిర్ణయించే వాక్యం ఇంకొకటి ఉంటుంది: నిలబడినప్పుడు మర్మర్ పెరిగిందా, తగ్గిందా? పెరిగితే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ. తగ్గి, పైగా మెడలోని కెరోటిడ్ల వైపు పాకుతుంటే అయోర్టిక్ స్టెనోసిస్. గుర్తుపెట్టుకుని దించినవాళ్లు ఆ వాక్యాన్నే వదిలేశారు. నిధిలో అదే కుర్రాడి కథతో రెండు మూడు రూపాలు ఉండొచ్చు. ఒకదాంట్లో డయాగ్నోసిస్ అడుగుతారు, ఇంకోదాంట్లో ఏ భంగిమలో మర్మర్ తగ్గుతుందని అడుగుతారు, మరోదాంట్లో ఏ ప్రోటీన్ జన్యువులో మ్యుటేషన్ అని అడుగుతారు. ఫైలు బట్టీ పట్టినవాళ్లు మొదటి రెండు లైన్లు చూడగానే ‘ఇది వచ్చిందే’ అనుకుంటారు, తెలిసిన పదం వెతుకుతారు, ఆప్షన్లలో అది దొరికితే నొక్కేసి ముందుకెళ్తారు. తెలియని ప్రశ్న ముందు కనీసం ఆగి చదువుతాం. తెలిసిందనుకున్న ప్రశ్న దగ్గర ఆ ఆగడం కూడా ఉండదు, అక్కడే మార్కు పోతుంది.

టీబీ మందు ఐసోనియజిడ్ ప్రశ్నలదీ ఇదే తీరు. ఫైల్లో ‘ఐసోనియజిడ్, జవాబు బి6’ అని ఒక్క ముక్క ఉంటుంది. పరీక్షలో ఆ మందు వాడుతున్న రోగికి సైడరోబ్లాస్టిక్ అనీమియా చూపించి ఏ ఎంజైము పని తగ్గిందని అడిగితే జవాబు ఏఎల్‌ఏ సింథేస్. ఆ మందు బి6 విటమిన్‌ను తగ్గిస్తుందని, బి6 ఆ ఎంజైముకు కోఫాక్టర్ (పనిచేయడానికి కావాల్సిన తోడు పదార్థం) అని తెలిసినవాళ్లకు ఇది సులువే. ముక్క మాత్రమే తెలిసినవాళ్లకు ఆప్షన్లలో బి6 కనబడదు, మిగతావన్నీ ఒకేలా కనిపిస్తాయి. ‘జవాబు: సి’ అని అక్షరాలతో ఇచ్చిన పట్టికల గురించైతే చెప్పేదే లేదు. ఆప్షన్ల క్రమం గుర్తుపెట్టుకుని బయటికొచ్చేవాళ్లు ఎవరుంటారు?

తర్వాతి అంచె అయిన స్టెప్ 2 సీకే (రోగుల వైద్యం మీద అడిగే పరీక్ష) ఫైళ్లను కూడా కలిపి ‘కాంబో’గా అమ్ముతున్నారు. అక్కడ నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వైద్య మార్గదర్శకాలే మారిపోయాయి. సాధారణ రిస్కు ఉన్నవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసు 2021లో 50 నుంచి 45కి తగ్గింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్ అదే ఏడాది 55 ఏళ్లు, 30 ప్యాక్ ఇయర్ల (రోజుకో ప్యాకెట్ సిగరెట్ల చొప్పున ఎన్నేళ్లన్న లెక్క) నుంచి 50 ఏళ్లు, 20 ప్యాక్ ఇయర్లకు వచ్చింది. మామోగ్రఫీని 40 ఏళ్ల నుంచే రెండేళ్లకోసారి చేయాలని 2024లో సిఫార్సు వచ్చింది. మామూలు గనేరియాకు పాత ఫైళ్లలో సెఫ్‌ట్రయాక్సోన్ 250 మిల్లీగ్రాములు, తోడుగా అజిత్రోమైసిన్ అని ఉంటుంది. 2020 డిసెంబరు నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతున్నది 500 మిల్లీగ్రాముల సెఫ్‌ట్రయాక్సోన్ ఒక్కటే, క్లమిడియా లేదని తేలకపోతే దాంతో డాక్సీసైక్లిన్. కొనబోయే ఏ మెటీరియల్‌లోనైనా ఈ నాలుగు విషయాలు వెతికి చూడండి. పాత అంకెలు కనిపిస్తే ఆ ఫైలు వయసెంతో తెలిసిపోతుంది, మిగతా పేజీలు తిప్పక్కర్లేదు.

అలాగే ప్యాకేజీతో ఉచితంగా ఇచ్చే ‘స్కోర్ ప్రెడిక్టర్’ ఎక్సెల్ షీట్లు. స్టెప్ 1 ఫలితం 2022 జనవరి 26 నుంచి పాస్ లేదా ఫెయిల్ అని మాత్రమే ఇస్తున్నారు. పాస్ గీతను అప్పుడే 194 నుంచి 196కి పెంచారు. స్టెప్ 2 సీకే గీత 209 నుంచి 2022 జులైలో 214కి, 2025 జులైలో 218కి చేరింది. ఇంకా 194 దగ్గరో 209 దగ్గరో పచ్చరంగు చూపించే షీటును నమ్మి డేట్ తీసుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 2021లో అమెరికా, కెనడా బయటి కాలేజీల నుంచి మొదటిసారి స్టెప్ 1 రాసినవాళ్లలో 82 శాతం పాసయ్యారు. 2022లో అది 74 శాతానికి పడిపోయింది. దానికి కారణం ఒక్కటే అనలేం. కానీ పాత కొలతలతో సిద్ధమైనవాళ్లకు ఆ పరీక్ష ఏమాత్రం దయ చూపలేదన్నది నిజం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ సెల్ఫ్ అసెస్‌మెంట్ల మీద పడుతుంది. దీని గురించి అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. ఎన్‌బీఎంఈ స్టెప్ 1 సెల్ఫ్ అసెస్‌మెంట్ ఒక్కో ఫారంలో 200 ప్రశ్నలుంటాయి. 62 నుంచి 68 శాతం మధ్య స్కోరును అంచు పాస్‌గా చూపిస్తారు. ఇప్పుడు లెక్క వేయండి. మీ అసలు బలం 58 శాతం అనుకుందాం. ఫారంలోని 30 ప్రశ్నలు కొన్న స్క్రీన్‌షాట్లలో ముందే చూసేశారు. మిగిలిన 170లో 58 శాతం, అంటే సుమారు 99 సరిగ్గా చేస్తారు. చూసిన 30 కలిపితే 129. రెండొందలకు 129 అంటే 64.5 శాతం. గీత కింద ఉండాల్సినవాళ్లు గీత పైన తేలారు. అది వాపే తప్ప బలుపు కాదు. ఆ అంకె చూసి డేట్ ఖాయం చేసుకుంటారు, అసలు పరీక్షలో ఆ 30 ఉండవు.

అందుకే ఎన్‌బీఎంఈ ఫారాల స్క్రీన్‌షాట్లు ఉచితంగా ఇచ్చినా చూడకండి. ఆ ఫారాలు మీకు థర్మామీటర్ లాంటివి, ముందే వేడినీళ్లలో ముంచితే అది చూపించే జ్వరం దేనికీ పనికిరాదు. ఒకవేళ ఇప్పటికే కొన్ని ఫారాలు చూసేసి ఉంటే ఏ ఫారం, సుమారు ఎన్ని ప్రశ్నలు అన్నది రాసి పెట్టుకోండి. ఆ ఫారాల స్కోరును డేట్ నిర్ణయంలో లెక్కించకండి. అసలు ముట్టుకోని కొత్త ఫారాలు కనీసం రెండు మిగుల్చుకోండి. ఒకటి పరీక్షకు మూడు నాలుగు వారాల ముందు, రెండోది వారం పది రోజుల ముందు, అసలు టైముతో, మధ్యలో ఫోన్ ముట్టకుండా రాయాలి. యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ ఉచితంగా ఇచ్చే 120 నమూనా ప్రశ్నల్ని చివరి వారానికి దాచుకోండి, కానీ నిర్ణయమంతా దాని మీదే పెట్టకండి. కొత్త ఫారాలు రెండూ 68 దాటితే ధైర్యంగా వెళ్లొచ్చు. ఒకటి 70, ఇంకోటి 61 వస్తే ఆ 61ని నమ్మడం మంచిది.

క్యూ బ్యాంకు (సాధన ప్రశ్నల ఆన్‌లైన్ నిధి) విషయంలోనూ ఇదే జాగ్రత్త. నలుగురు కలిసి వాడే షేర్డ్ అకౌంటు చవకే, కానీ అందులో ఏ ప్రశ్న మీరు చూశారో, ఏది పక్కవాళ్లు చూశారో కలిసిపోతుంది. మొదటిసారి చేసినప్పటి శాతం మీకు ఎప్పటికీ తెలియదు. రెండోసారి చేసినప్పుడు వచ్చే 85 శాతం మీ జ్ఞాపకశక్తికి మార్కు, మీ తయారీకి కాదు. మీ సొంత అకౌంటులో, వాడని ప్రశ్నలే ఎంచుకుని, అన్ని సబ్జెక్టులు కలిపి, టైమ్డ్ మోడ్‌లో చేయండి. ప్రశ్నకు సగటున 90 సెకన్లు. తప్పయిన ప్రతి ప్రశ్న దగ్గరా ‘స్టెమ్‌లో (ప్రశ్నలోని కథలో) ఏ వాక్యం మారితే జవాబు మారేది’ అని ఒక లైను రాసుకోండి. ప్రశ్నలు మారే పరీక్షకు ఇంతకు మించిన సాధన లేదు. కమ్యూనికేషన్, ఎథిక్స్ ప్రశ్నల వాటాను 2020లో పెంచారు. వాటికి బట్టీ అసలు పనిచేయదు, రోగితో మొదట ఏమనాలి అన్నది ఒక్క మాటతో తేలిపోతుంది.

డబ్బు, మార్కులు పోవడం ఒక ఎత్తు, స్కోరే రద్దవడం ఇంకో ఎత్తు. 2024 జనవరి 31న యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ నేపాల్‌తో సంబంధమున్న కొందరు పరీక్షార్థుల స్కోర్లు చెల్లవని ప్రకటించింది. 800 మందికి పైగా దెబ్బతిన్నారు. ఇది వివక్ష అంటూ వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టుకు వెళ్తే మధ్యంతర ఉత్తర్వు దొరకలేదు. వాళ్లందరూ తప్పు చేశారని ఎవరూ అనలేరు, అక్కడ అసలు పాఠం వేరే. ఇలాంటి నిర్ణయాలకు దొంగను చేతులతో పట్టుకోనక్కర్లేదు. ప్రశ్నకు ఎంతసేపు తీసుకున్నారు, ఇతరుల జవాబులతో ఎంత అసహజంగా కలిశాయి, బయటికి పొక్కిన ప్రశ్నల్లో ఒకలా, మిగతావాటిలో ఒకలా చేశారా అన్న గణాంకాలే చాలు. అలా రద్దయితే ‘నేను కొన్న ఫైలు వల్ల’ అని చెప్పుకోలేరు, తేలు కుట్టిన దొంగ పరిస్థితి. ఇర్రెగ్యులర్ బిహేవియర్ (పరీక్ష నిబంధనల ఉల్లంఘన) అన్న ముద్ర ట్రాన్‌స్క్రిప్టులోకి ఎక్కితే రెసిడెన్సీ (అమెరికాలో స్పెషాలిటీ శిక్షణ) ప్రోగ్రాముల కంటపడుతుంది. ఫెయిలైనా అది రికార్డులో ఉండిపోతుంది. 2021 నుంచి ఒక్కో స్టెప్‌కు మొత్తం నాలుగే ప్రయత్నాలు. ఒక్కో ప్రయత్నానికి ఫీజు దాదాపు వెయ్యి డాలర్లు, అమెరికా బయట రాస్తే సర్‌ఛార్జి అదనం.

కొన్ని గ్రూపుల్లో ఇంకో వల ఉంది. సగం ధరకే ఫైలిస్తారు, పరీక్ష రాసొచ్చాక మీకు గుర్తున్న ప్రశ్నలు పంపాలన్నది షరతు. అడ్వాన్సు తీసుకుని షెడ్యూలింగ్ పర్మిట్ (పరీక్ష డేట్ తీసుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం), పాస్‌పోర్టు కాపీ కూడా అడుగుతారు. ఆ షరతు ఒప్పుకున్న క్షణం మీరు కొనుగోలుదారు కాదు, సరఫరాదారు. పరీక్ష మొదట్లో స్క్రీన్ మీద మీరు అంగీకరించే గోప్యతా నిబంధనను అది నేరుగా ఉల్లంఘిస్తుంది. మీ పేరు, పాస్‌పోర్టు, పర్మిట్ నంబరు వాళ్ల దగ్గరుంటాయి. రేపు మీరు డబ్బు వెనక్కి అడిగితే వాళ్లు వాటినే అడ్డం పెట్టుకుంటారు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు మొదట ఆ ఫైళ్లు తెరవడం ఆపి, తొలగించండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, ‘ఇది నిజమేనా’ అని అడగడానికి ఓ పేజీ పోస్టు చేసినా అది పంచడం కిందికే వస్తుంది. ఆ గ్రూపుల నుంచి బయటికి రండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో లావాదేవీ మీద వివాదం వేయొచ్చు, కానీ కారణం దగ్గర అబద్ధం రాయకండి. పాస్‌పోర్టు కాపీ పంపి ఉంటే ఈమెయిల్, యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ అప్లికేషన్ అకౌంటు, పరీక్షా కేంద్రం బుకింగ్ అకౌంటు, మూడింటికీ పాస్‌వర్డులు వెంటనే మార్చండి. పరీక్ష డేట్‌ను ఎవరూ మీ పేరుతో కదిలించలేదని లాగిన్ అయి ఒకసారి చూసుకోండి. అమ్మేవాళ్ల గురించి యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈకి తెలియజేసే దారి వాళ్ల అధికారిక వెబ్‌సైట్లోనే ఉంది. ఫిర్యాదులో గ్రూపు పేరు, చెల్లింపు వివరం, తేదీ రాస్తే చాలు, ప్రశ్నలు అతికించక్కర్లేదు.