ఆట కంపెనీ మూగనోము పడితే స్టోరా, బ్యాంకా, వినియోగదారుల కమిషనా: ఏది మేలు?

ఫలానా తేదీన సర్వర్లు మూస్తున్నామని చెప్పి మూసే ఆన్‌లైన్ ఆట కంపెనీతో పేచీ తక్కువ. అపెక్స్ లెజెండ్స్ మొబైల్‌ను 2023 మే 1న ఆపేస్తామని దాని కంపెనీ ఈఏ ఆ ఏడు జనవరి 31నే చెప్పింది, పైసలు పెట్టి కొనే వీలు కూడా ఆ రోజే తీసేసింది. కట్టినవి తిరిగి రాలేదు గానీ, కొత్తగా చేతులు కాల్చుకున్నవాళ్లు లేరు. సోనీ ఆట కాంకర్డ్ ఇంకా నయం. 2024 ఆగస్టు 23న విడుదలై సెప్టెంబర్ 6కల్లా మూతపడింది, కొన్నవాళ్లకు సోనీ మొత్తం వాపసు ఇచ్చింది.

తిప్పలంతా ఏమీ చెప్పని కంపెనీతోనే. ప్యాచ్‌లు (ఆటకు వచ్చే మరమ్మతు అప్‌డేట్లు) ఆగిపోతాయి, ఆటలోని షాపు మాత్రం తెరిచే ఉంటుంది. పైసలు వాపసు అడిగే ప్రతి దారికీ గడువుంది. ఆ గడువు ఒక తేదీ నుంచి లెక్క. నోరు విప్పని కంపెనీ మనకు దక్కనియ్యనిది ఆ తేదీనే. అందుకే ముందు దాన్ని మనమే కాగితం మీదికి తెచ్చుకోవాలి.

హనుమకొండలో ఫైబర్ కనెక్షన్ మీద ముంబై సర్వర్‌కు 40 మిల్లీసెకన్లు చూపే పింగ్ (సర్వర్‌కు సందేశం పోయి వచ్చే సమయం) ఒక్కసారిగా 80, 90కి ఎక్కి అక్కడే నిలబడిందనుకోండి. రూటర్ మీద పడకముందు ఇంకో ఆట తెరిచి చూడండి. అందులో మామూలుగానే ఉంటే, ముంబై సర్వర్ ఎత్తేసి మనల్ని సింగపూర్‌కు తోలి ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి కూడా మ్యాచ్ దొరక్క నిమిషాలు గడవడం, దొరికిన మ్యాచ్‌లో సగం బాట్లే (మనుషులు కాక కంప్యూటర్ ఆడించేవి) ఉండడం, విండోస్ అప్‌డేట్ తర్వాత యాంటీచీట్ (మోసం పట్టే ప్రోగ్రామ్) తెరుచుకోక ఆటే మొదలవకపోవడం కూడా ఆ కోవలోవే. వీటన్నిటినీ మించిన సాక్ష్యం ఒకటుంది. చివరి ప్యాచ్ నోట్స్ పేజీని, ఆ వెంటనే షాపులో ‘ఈ వారం ఆఫర్’ని ఆపకుండా ఒకే స్క్రీన్ రికార్డింగ్‌లో చూపించండి, ఫోన్ గడియారం కనబడాలి. ఆరు నెలల పాత ప్యాచ్ పక్కన నిన్నటి ఆఫర్ కనిపిస్తే ఇక వాదనే అక్కర్లేదు. అదే రోజు సపోర్ట్‌కు టికెట్ పెట్టి నంబరు రాసుకోండి. ‘యాప్ క్యాషే క్లియర్ చేయండి’ అనే జవాబే వస్తుంది, రానీయండి. అది కూడా దాచాల్సిన కాగితమే.

ఇక దారులు. స్టోర్ అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా పొట్టిది. గూగుల్ ప్లేలో ఆర్డర్ హిస్టరీ తెరిచి, జీపీఏతో మొదలయ్యే ఆర్డర్ నంబరు మీద ఫిర్యాదు పెట్టాలి. కొన్న 48 గంటల్లోపు అయితేనే గూగుల్ నేరుగా చూస్తుంది, దాటితే డెవలపర్‌నే అడగమంటుంది. మూగనోము పట్టిందే ఆయన కదా! స్టీమ్‌లో ఆటకు 14 రోజులు, అదీ రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటేనే. నిన్న మొన్న కొన్న బాటిల్ పాస్‌కు (ఒక సీజన్ బహుమతుల కోసం కొనే పాస్) ఇదే సరైన దారి, పోయినేడు కట్టినదానికి దండగ.

క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లకు ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా పైసలు వెనక్కి రప్పించుకునే దారి, ఉంది. సేవ అందలేదని బ్యాంకుకు రాయాలి. వీసా, మాస్టర్‌కార్డ్ లెక్కల్లో సాధారణంగా 120 రోజుల గడువు. ముందు కంపెనీని అడిగినట్టు రుజువు కావాలంటారు, పైన చెప్పిన టికెట్ ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే కంపెనీ కూడా ‘కాయిన్లు ఖాతాలో పడ్డాయి’ అని లాగ్ చూపిస్తుంది, చాలాసార్లు అక్కడే కేసు వీగిపోతుంది. దీనికన్నా పెద్ద ముప్పు మన ఖాతాకు తాళం పడడం. 499 రూపాయల స్కిన్ (పాత్రకు వేసే కొత్త వేషం) కోసం ఏళ్లుగా కొన్న ఆటలన్నీ ఉన్న ఖాతాను పణంగా పెట్టడం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. యూపీఐతో కట్టినవాళ్లకు కార్డు ఛార్జ్‌బ్యాక్ వర్తించదు. అక్కడ కూడా, పైసలు అవతలికి చేరినా సేవ అందలేదని ఫిర్యాదు పెట్టే వీలుంది.

మూడోది వినియోగదారుల చట్టం. నెమ్మది, కానీ గట్టిది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకుకూ వర్తిస్తాయి. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వరంగల్ వాళ్లు బెంగళూరుకో గురుగ్రామ్‌కో పోవాల్సిన పని లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు సున్నా, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్ల గడువు.

కేసులు బెడిసికొట్టేది ఈ కింది చోట్లనే. రసీదులో అమ్మినవారి పేరు విదేశీ కంపెనీదైతే నోటీసు చేరడానికే నెలలు పడుతుంది. ఇక్కడ వాళ్ల కంపెనీ గానీ, పైసలు తీసుకున్న స్టోర్ గానీ ఉంటే దాన్నీ ప్రతివాదిగా చేర్చండి. ఫిర్యాదులో ‘సేవా లోపం’ అని రాయండి. ‘అన్యాయపు ఒప్పందం’ అని రాస్తే అది జిల్లా కమిషన్ పరిధి దాటి హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు పోతుంది. గొడవొస్తే ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) పోవాలనే షరతు చూసి జంకకండి, అది వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డం కాదని సుప్రీంకోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది. ఇంటర్ చదివే పిల్లవాడు బాపు ఫోన్‌పేతో కట్టి ఉంటే ఫిర్యాదు బాపు పేరు మీదే ఉండాలి. గేమింగ్ సెంటర్ నడిపేవాళ్లు మాత్రం జాగ్రత్త. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు, సొంత బతుకుదెరువుకు స్వయంగా నడుపుకునేవారికి మినహాయింపు ఉంది.

మా లెక్క ఇది. వెయ్యి లోపు పోతే స్టోర్‌లో అడిగి, 1915కు ఒక ఫోన్ కొట్టి ఊరుకోండి. ఐదారు వేలు దాటితే, ముఖ్యంగా ఏడాది పాస్‌లో సగం కాలం ఇంకా మిగిలి ఉంటే, కమిషనే మేలు. మిగిలిన నెలలకు ఎంతో లెక్కగట్టి ఆ అంకెనే అడగండి, జీవితకాలపు ఖర్చంతా అడిగితే వాడిన కాలం మాటేమిటని నిలదీస్తారు. ఖాతాలో ఇంకేమీ లేనివాళ్లు, పోతే పోనీ అనుకునేవాళ్లు మాత్రమే ఛార్జ్‌బ్యాక్ జోలికి వెళ్లాలి.

ఏ దారి పట్టినా ఆటోపే మాత్రం ఇవాళే ఆపండి. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలోనూ ఆ మ్యాండేట్ (పైసలు కట్ చేసుకోమని మనమిచ్చిన అనుమతి) పోయిందో లేదో చూసుకోండి. పైసలు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని ఆర్‌బీఐ నియమం. ఆ మెసేజ్ మళ్లీ వచ్చిందంటే ఎక్కడో ఒక మీట నొక్కడం మరిచారన్నమాట.