విచర్ 3: మేక గంట, ఆ తర్వాత గడప

ది విచర్ 3 అనే వీడియో గేమ్ వచ్చింది 2015లో. గ్రాఫిక్స్, మ్యాప్, కత్తియుద్ధాల గురించి ఇప్పుడు కొత్తగా చెప్పేదేం లేదు. మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా ఆడాక నా మనసులో నిలిచిపోయింది ఒక మేక. (కథ తెలియకుండా ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.)

గేమ్‌లోని వెలెన్ అనే ప్రాంతంలో బ్లడీ బారన్ అనే దొర భార్యా కూతురూ కనిపించకుండా పోతారు. ఆచూకీ కోసం పెల్లార్ అనే మంత్రగాడి దగ్గరికి వెళ్తే, ముందు తప్పిపోయిన నా మేకను తెచ్చిపెట్టు అంటాడు. దాని పేరు ప్రిన్సెస్. చేతికో గంట ఇస్తాడు. రాక్షసుల్ని నరికే గెరాల్ట్ (గేమ్‌లో మనం ఆడే పాత్ర) ఆ గంట కొట్టుకుంటూ, గొణుక్కుంటూ ముందు నడుస్తుంటే వెనకాల మేక. అది ఆగితే మళ్లీ గంట. పక్కగదిలో పిల్లలు లేస్తారని నోరు నొక్కుకుని నవ్వాను.

ఆ నవ్వు ఆరకముందే అసలు సంగతి బయటపడుతుంది. బారన్ తాగొచ్చి భార్యను కొట్టేవాడు. ఆమెకు గర్భం పోయింది. పేరైనా పెట్టకుండా పాతిపెట్టిన ఆ బిడ్డ బోచ్‌లింగ్ అనే పిశాచమైంది. దాన్ని చంపేయొచ్చు. లేదా బారన్ చేతుల్లో ఎత్తుకుని ఇంటికి మోసుకెళ్లి, పేరు పెట్టి, గడప కింద పాతిపెట్టాలి. నేను మూడుసార్లూ రెండోదే ఎంచుకున్నాను. దారిలో బిడ్డ పెనుగులాడితే గెరాల్ట్ ఆక్సీ మంత్రంతో జోకొట్టాలి. చివరికి గడప దగ్గర అంత లావు మనిషి ఆ బిడ్డకు డియా అని పేరు పెట్టి, నా కూతురివి అంటాడు. గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో పెరిగాను. ఆ గడపే ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

వెలెన్ నిండా ఉరికొయ్యలూ కాలిన ఊళ్లే. అవే చూసీ చూసీ మనసు మొద్దుబారిపోతుంది. మేక వచ్చి దాన్ని మెత్తబరిచింది కాబట్టే బిడ్డ అంతగా తగిలింది.

అన్నిచోట్లా ఇలా కుదరలేదు. 2016లో ఈ గేమ్‌కే అదనపు కథగా వచ్చిన బ్లడ్ అండ్ వైన్‌లో బ్యాంకువాళ్లు గెరాల్ట్‌ను ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కి తిప్పే క్వెస్ట్ (గేమ్‌లో మనకప్పగించే పని) ఉంది. మొదటిసారి పగలబడి నవ్వాను, రెండోసారి విసుగొచ్చింది. ఆ నవ్వు వెనకాల ఏమీ లేదు. గుర్రం మాట్లాడే ముచ్చటా అంతే.

ఆ మాటకొస్తే, మూడోసారి మేక దగ్గర కూడా నవ్వు రాలేదు. అప్పటికి మా వదినకి ఐదో నెలలో బిడ్డ పోయి కొన్ని వారాలే అయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. బారన్ పేరు పెట్టే చోట గేమ్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అందుకే అందరినీ ఆడమని చెప్పలేను. పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడుకునే నాలాంటివాళ్లకు ఇంతకంటే మంచి గేమ్ దొరకలేదు. మా వదినకీ గేమ్‌లంటే ఇష్టమే. ఈ డిస్క్ ఇమ్మని రెండుసార్లు అడిగింది. ఇంకా ఇవ్వలేదు.