ఫ్లైక్యాచర్ల కోసం 8×42 బైనాక్యులర్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

చెట్ల నీడలో తిరిగే చిన్న పక్షులను పోల్చుకోవడానికి 8×42 బైనాక్యులర్స్ (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు కటకం వ్యాసం 42 మి.మీ.) చాలునా, 10×42 కొనాలా అని అడిగేవారికి నేను 8×42నే సూచిస్తాను. అనంతగిరి అడవిలోనూ హైదరాబాద్ పార్కుల్లోనూ కొన్ని చలికాలాలుగా దీన్నే వాడుతున్నాను కనుక, కారణాలను పక్షుల మీదే చూపిస్తాను.

ఫ్లైక్యాచర్ కొమ్మ మీది నుంచి ఎగిరి, గాలిలోనే పురుగును అందుకుని, మళ్లీ ఆ కొమ్మకో పక్క కొమ్మకో చేరుతుంది. అది కుదురుగా కూర్చునేది కాసేపే కాబట్టి, అద్దాల్లో దాన్ని వెతుక్కుంటూ ఉంటే ఆ కాసేపు గడిచిపోతుంది. 8 రెట్ల అద్దాల్లో సాధారణంగా ఎక్కువ మేర కనబడుతుంది, చేతి వణుకు తక్కువగా తెలుస్తుంది. వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. 42 మిల్లీమీటర్లను 8తో భాగిస్తే కంటివైపు వచ్చే కాంతి వలయం వ్యాసం 5.25 మి.మీ.; 10×42లో అది 4.2 మి.మీ. మాత్రమే. ఎండలో ఈ తేడా తెలియదు గానీ, తెల్లవారుతుండగా దట్టమైన చెట్ల కింద ముదురు గోధుమ రంగేదో నలుపేదో తేల్చవలసి వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది.

అలా తేల్చవలసి వచ్చేది ముఖ్యంగా రెడ్ బ్రెస్టెడ్, టైగా ఫ్లైక్యాచర్ల దగ్గర. రెండూ చలికాలపు వలస పక్షులే. రెండూ తోక పైకెత్తి, దాని మొదట్లో ఇరుపక్కలా ఉన్న తెల్లమచ్చలను చూపిస్తాయి. పూర్తిగా ఎదిగిన మగ రెడ్ బ్రెస్టెడ్‌కు గొంతు మీది నారింజ రంగు చలికాలంలోనూ నిలిచి రొమ్ము పైభాగం దాకా ఉంటుంది. టైగా మగపక్షికి ఆ రంగు గొంతు దాటదు, కింద బూడిద రంగు పట్టీ ఉంటుంది. పైగా చలికాలంలో ఆ రంగే పోతుంది. ఆడపక్షులకూ తొలి ఏడాది పక్షులకూ ఈ గుర్తు పనికిరాదు. అందుకే నేను ముందుగా తోక మొదలును పైనుంచి కప్పే ఈకలను చూస్తాను. టైగాలో అవి తోకకన్నా కారునలుపు. రెడ్ బ్రెస్టెడ్‌లో తోకకన్నా నల్లగా ఉండవు. తర్వాత ముక్కు: రెడ్ బ్రెస్టెడ్‌కు కింది ముక్కు మొదలు లేత రంగులో ఉంటుంది, టైగాకు ముక్కు దాదాపు అంతా నలుపే. కూత కూడా వినబడితే ఇంకా మంచిది; టైగా గరగర శబ్దం మరింత వేగంగా సాగుతుంది.

ఏషియన్ బ్రౌన్, బ్రౌన్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ల విషయంలోనూ చూడవలసింది ముక్కూ కాళ్లే. మొదటిదానికి కింది ముక్కు మొదట్లో పసుపు, కొన నలుపు, కాళ్లు నలుపు. రెండోదానికి కింది ముక్కంతా పసుపు, కాళ్లు లేత రంగు. టికెల్స్ బ్లూ, బ్లూ థ్రోటెడ్ మగపక్షులకైతే ఇంత శ్రమ అక్కర్లేదు: గొంతు నారింజ అయితే మొదటిది, నీలమైతే రెండోది.

లోపాలూ ఉన్నాయి. తెల్లని ఆకాశం వెనక ఉంటే పక్షి అంచుల వెంట ఊదా రంగు చార కనబడుతుంది. సన్నని ముక్కు మీద అది పడితే లేత రంగుందో లేదో చెప్పడం కష్టం. అటువంటప్పుడు వెనక ఆకులు వచ్చేలా రెండడుగులు పక్కకు జరిగి చూడాలి. కంటి దగ్గరి రబ్బరు తొడుగుల్లో ఒకటి వదులై దానంతటదే లోపలికి జారుతోంది. సుమారు 700 గ్రాముల బరువు కనుక మెడ పట్టీ తీసేసి భుజాల పట్టీ వేసుకున్నాను. వానాకాలంలో కటకాలకు బూజు పట్టకుండా గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతాను. కళ్లజోడు పెట్టుకునేవారు మాత్రం జోడుతోనే దుకాణానికి వెళ్లి, తొడుగులను పూర్తిగా దించి, దృశ్యం అంచుల దాకా కనబడుతోందో లేదో చూసుకునే కొనాలి.